శాంత ఎన్నిసార్లు క్షమాపణ అడగాలి?

విజయవాడ,
22 జనవరి 1979.

అక్కకు, తమ్ముడు ఇశ్రాయేలు వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమో కాదో అడగను. నర్సువి కాబట్టి జబ్బు చేసినా చెప్పవు.

అసలు సంగతికొస్తాను. దగ్గర్లో కుర్చీ ఉంటే కూర్చో. పేషెంటు మంచం మీద మాత్రం కూర్చోకు. నీ తమ్ముడు టెలివిజన్‌కి రచయిత అయ్యాడు.

పోయిన క్రిస్మస్‌కి మా చర్చిలో నేను రాసి వేయించిన నాటకానికి హైదరాబాదు నుంచి రామకోటేశ్వరరావు గారని ఒకాయన వచ్చారు. నాటకం కోసమేం కాదు, పక్కింటికి చుట్టంచూపుగా వచ్చి, మా మైకు గోల భరించలేక ఇదేమిటో చూద్దామని వచ్చారు. ఆయన అక్కడ టీవీలో నాటకాలు తీస్తారట. నా హేరోదు రాజు మాటలు విని, "మాస్టారూ, వారానికొకటి చొప్పున పదమూడు భాగాలు రాయగలరా?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఏటా ఒకటే కథ రాస్తున్నవాణ్ణి, అదీ చివరికి ఏమవుతుందో ఊరందరికీ తెలిసిన కథ. చివరికేమవుతుందో చెప్పకుండా పదమూడు వారాలు రాయమంటే ఎంత సంబరపడ్డానో నువ్వే ఊహించుకో.

ఆ సంబరం రెండు రోజులే. మూడో రోజు నియమాలు వచ్చాయి. ఒక్కో భాగం ఇరవై రెండు నిమిషాలు. అయిదుగురికి మించి మనుషులుండకూడదు. ఒక వంటిల్లు, ఒక ముందుగది, అంతే, గడప దాటకూడదు. నేను మొదటి సీను బల్లకట్టు మీద పెట్టాను, కొత్తకోడలు కాలువ దాటి అత్తారింటికి వెళ్తున్నట్టు. "మాస్టారూ, స్టూడియోలో కాలువ పారించలేం, దాటి వచ్చేశాక మొదలుపెట్టండి" అని తిరుగుటపాలో వచ్చింది. కాలువ లేకుండా మన జిల్లా కథ ఎట్లా రాస్తాం అక్కా? చివరికి ఆ పిల్ల చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయని అత్తగారి చేత ఒక మాట అనిపించి ఊరుకున్నాను.

అయిదుగురు మనుషులు, రెండు గదులు అనేసరికి నాకు ఇంకే కథా తోచలేదు, నీ కథ తప్ప. కోప్పడకు. మొత్తం నీది కాదు, కూరలో ఉప్పంత. పిల్ల పేరు శాంత, మొగుడి పేరు శేఖరం. మతం కూడా మార్చేశాను, పాస్టరు గారికి చెప్పకు. ఉద్యోగానికి రమ్మని శాంతకి వచ్చిన ఉత్తరాన్ని అత్తగారు బియ్యం డబ్బాలో దాస్తుంది. ఆరేళ్ళ కిందట నీ నర్సు ట్రైనింగు ఉత్తరం గడువు దాటిపోయేదాకా మీ అత్త సంపూర్ణమ్మ గారు దాచినట్టే. నువ్వు పెట్టె సర్దుకుని నా దగ్గరికొచ్చేశావు, మరుసటి ఏడు మళ్ళీ రాసి ట్రైనింగులో చేరావు. శాంత ఏం చేస్తుందో నేను కల్పిస్తాను.

ఒక్క చిక్కుంది. విజయవాడకి టీవీ రాదు. మేడ మీద ఎంత పొడుగు గొట్టం పాతినా రాదని రేడియో షాపతను ఒట్టేసి చెప్పాడు. నేను రాసింది నేను చూసుకోలేను. మీ హాస్టల్లో టీవీ పెట్టె ఉందన్నావుగా. ఫిబ్రవరి ఒకటో తేదీ నుంచి ప్రతి గురువారం సాయంత్రం చూసి, ఏమొచ్చిందో ఉన్నదున్నట్టు రాయి. పొగడాలనిపిస్తే మొహమాటపడకు.

నీ తమ్ముడు,
ఇశ్రాయేలు


హైదరాబాదు,
2 ఫిబ్రవరి.

తమ్ముడు ఇశ్రాయేలుకి అక్క జీవరత్నం దీవెనలు.

ఉప్పంత అన్నావు. నిన్న చూశాను. కూరంతా నాదే, నువ్వు ఉప్పు వేశావు.

మా టీవీకి చెక్క తలుపులు, తలుపులకి తాళం, తాళంచెవి వార్డెన్ హన్నా గారి నడుముకి. ఆవిడ తాళం తీస్తుంటే చర్చిలో లేచినట్టు అందరం లేచి నిలబడతాం. నిన్న హాల్లో నలభై మందిమి ఉన్నాం. రాసింది మా తమ్ముడని చెప్పాను. కథ నాదని చెప్పలేదు.

నీ మనుషులు కూర్చోరేం? ఇరవై రెండు నిమిషాలూ వరసగా నిలబడి, ముఖాలు మావైపు పెట్టి మాట్లాడారు. అత్తగారు కోడల్ని తిడుతూ మమ్మల్ని చూస్తుంది. తలగుడ్డలు కూడా పెట్టి ఉంటే మీ చర్చి గొర్రెల కాపరులే. మనిషి ముఖాన్ని అంత దగ్గరగా చూపిస్తున్నప్పుడు అన్ని మాటలెందుకురా? ఆ అత్తగారి వేషం వేసినావిడ కనుబొమ్మ ఎత్తితే చాలు, హాలంతా గప్‌చుప్. నువ్వేమో కనుబొమ్మ ఎత్తించి, "నాకు ఒళ్ళు మండిపోతోంది" అని కూడా అనిపించావు.

శాంత గోళ్ళకి ఎర్రరంగు. పచ్చడిబండని కలం పట్టుకున్నట్టు పట్టుకుంది. శేఖరం ఉన్నట్టుండి లేచి పిల్లలకి టీకాలు వేయించాలని ఎందుకన్నాడు? పెళ్ళయి వారం కాలేదు కదా. నర్సుగా సంతోషించాను అనుకో.

తడిసిన కుచ్చెళ్ళ మాట బాగుంది. ఆ మాటకి నేను ముక్కు తుడుచుకున్నాను. పక్కనున్నవాళ్ళు జలుబనుకున్నారు.

ఒక్కటి చెప్తాను, గుర్తుపెట్టుకో. శాంత నాలాగే ఉంటే ఉండనీ, నాకేం బాధ లేదు. నేను చెయ్యని పని మాత్రం దాని చేత చేయించకు.

మీ అక్క,
జీవరత్నం


విజయవాడ,
18 ఫిబ్రవరి.

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే అందర్నీ కూర్చోబెట్టాను. మాటలు సగానికి తగ్గించాను. ఇప్పుడేమో రామకోటేశ్వరరావు గారు నాలుగు నిమిషాలు తక్కువొచ్చిందని గోల. ఆ నాలుగు నిమిషాల్లో ఏం చేయాలో తెలియక, అత్తగారి చేత బియ్యం చెరిగించాను. చాటలో చెరగడం ఆ నటికి రాదట, గింజలన్నీ మైకు మీద పడ్డాయట. టీకాల ముక్క నాది కాదు. భాగానికొక మంచిమాట చొప్పించాలని వాళ్ళ నియమం. వచ్చే వారం దోమతెరలు.

ఇక నువ్వు నన్ను తిట్టవలసిన విషయం. రెండో భాగంలో బియ్యం డబ్బాలో ఉత్తరం దొరికి, నేనే దాచానని అత్తగారు అన్నాక కుప్పలుగా కార్డులు వచ్చాయట, అన్నీ అత్తగార్ని తిడుతూ. కూరగాయల బజార్లో ఆ నటిని పట్టుకుని ఎవరో కడిగేశారట. దాంతో పైవాళ్ళు బెదిరారు, కాపురాలు చెడగొట్టే నాటకం అంటారేమోనని. నాలుగో భాగం చివర శాంత అత్తగారి కాళ్ళమీద పడి, గట్టిగా మాట్లాడినందుకు క్షమించమనాలట.

నేను ఊరుకోలేదు. శాంత తప్పేమీ లేదని మూడు పేజీలు రాశాను. ఆయన మూడు ముక్కల్లో జవాబిచ్చారు. "మాస్టారూ, మీరన్నది నిజం. శనివారం రికార్డింగు. పడమనండి."

పడమన్నాను. అక్కడ ఇంకొకరెవరో రాసే బదులు నేను రాస్తే కాస్త మర్యాదగా పడుతుందనిపించింది. నిన్న రికార్డింగు కూడా అయిపోయింది. గురువారం నువ్వు చూస్తావని తలుచుకుంటేనే నాకు తిండి సయించడం లేదు. చూసి తిట్టు.

ఇశ్రాయేలు


హైదరాబాదు,
23 ఫిబ్రవరి.

తమ్ముడికి,

తిండి తిను. నువ్వు భయపడ్డ సీను రాలేదు.

శాంత రెండడుగులు ముందుకు వేసింది, వీణ మొదలైంది, అంతే. తెర మీదికి "అంతరాయానికి చింతిస్తున్నాం" అని అట్ట వచ్చేసింది. అట్ట మీద పువ్వుంది. అందరం ఆ పువ్వునే చూస్తూ కూర్చున్నాం. తర్వాత వార్తలు మొదలైనాయి, హన్నా గారు తలుపులు మూసేశారు.

కాబట్టి శాంత ఎవరి కాళ్ళమీదా పడలేదు. ఇక రాబోయే భాగాలు ఆ ప్రకారం రాసుకో.

జీవరత్నం


విజయవాడ,
2 మార్చి.

అక్కా,

ఆ అట్టకీ, దాని మీది పువ్వుకీ నా వందనాలు. ఉత్తరం చదివి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

ఆ ఉత్సాహంలో ఆరో భాగంలో శాంత చేత, "నేనెవర్నీ క్షమాపణ అడగలేదు, అడగను" అనిపించాను. అచ్చం నీ గొంతే. నువ్వు ముక్కు ఎగబీల్చడం కూడా రాద్దామనుకున్నాను గానీ ఆ నటికి చేతకాదని మానేశాను.

అయితే పైవాళ్ళు అడిగిన క్షమాపణ అట్లాగే మిగిలిపోయింది కదా. తర్వాత మాట రాకుండా ఏడో భాగం చివర మళ్ళీ పెట్టేశాను. అది చూసి రామకోటేశ్వరరావు గారు "మళ్ళీనా?" అని కార్డు రాశారు. మొదటిది ప్రసారం కాలేదు కదండీ అని రాయబోయి ఆగిపోయాను. పాపం, వాళ్ళ యంత్రం చెడిపోయిన సంగతి నేనెత్తితే పెద్దమనిషి చిన్నబోతారు.

శేఖరం వేషం వేసేది ఒక బ్యాంకు ఉద్యోగి. ఆడిటని సెలవివ్వలేదు. మొన్న రికార్డు చేసిన అయిదో భాగం రాత్రికి రాత్రి మార్చి, మొత్తం ఆయన స్నానాల గదిలో ఉన్నట్టు రాశాను. ఇరవై రెండు నిమిషాల స్నానం! లోపల చెంబు చప్పుడు చేసింది స్టూడియో బంట్రోతు. నిన్న వచ్చి ఉంటుంది, శుభ్రంగా ఉన్నాడా?

లాజరు బావ ఒకరోజు బడికొచ్చాడు. హైదరాబాదులో ఉన్న వాళ్ళ పెదనాన్న కొడుకు మన నాటకం గురించి రాశాడట. బావ బాగానే ఉన్నాడు, కాస్త చిక్కాడు. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ గారికి కూడా ఫరవాలేదట.

ఇశ్రాయేలు


హైదరాబాదు,
16 మార్చి.

తమ్ముడికి,

శేఖరం స్నానం చూసి మా హాస్టల్లో కడుపులు చెక్కలయ్యాయి. నీళ్ళ ఎద్దడి రోజుల్లో అంత స్నానమేమిటని హన్నా గారికి కోపమొచ్చింది.

నిన్న ఏడో భాగం సరిగ్గా చివరికొచ్చేసరికి కరెంటు పోయింది. శాంత వంగిందో లేదో మాకెవరికీ తెలియదు. హైదరాబాదు మొత్తం పోయినట్టుంది. కాబట్టి మూడోసారి రాయకు, దేవుడికే ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

మీ బావ ఎందుకొచ్చాడు? పచ్చడిబండ గురించి పేజీ రాసేవాడివి, ఆయన గురించి మూడు వాక్యాలు రాసి ముగించావు. నేను అడగకూడదనుకున్నాను గానీ పది రోజుల నుంచి ఆ మూడు వాక్యాలే చదువుతున్నాను.

జీవరత్నం


విజయవాడ,
21 మార్చి.

గౌరవనీయులైన జీవరత్నం సిస్టరు గారికి,

విద్యుచ్ఛక్తి శాఖలో మీకు ఉద్యోగం ఎప్పుడు వచ్చింది?

రామకోటేశ్వరరావు గారి ఉత్తరం నిన్న వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మాస్టారూ, ఆరో భాగంలో శాంత తానెవర్నీ క్షమాపణ అడగలేదంటుంది. నాలుగో భాగంలో అర నిమిషం పాటు అత్తగారి కాళ్ళు వదల్లేదు, హైదరాబాదంతా చూసింది. ఆ మాట ఎట్లా అంటుందని నూట పన్నెండు కార్డులు వచ్చాయి. రికార్డింగు హడావుడిలో నేనూ గమనించలేదు, తప్పు నాది కూడా. ఏడో భాగంలో మళ్ళీ కాళ్ళు పట్టుకుంది. జనం అదీ చూశారు. మీకు ఒంట్లో బాగుంటోందా?"

ఒంట్లో బాగానే ఉంది. సొంత అక్కని నమ్మాను, అదొక్కటే జబ్బు.

అక్కా, నవ్వుతూ మొదలుపెట్టాను గానీ నాకు నిజంగా మనసుకి కష్టమేసింది. కళ్ళు లేనివాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తానని గోతిలో దింపినట్టయింది. ఇరవై ఏళ్ళుగా ఎంతోమంది పిల్లలకి ఒక పాత్ర ముందు అన్నదేదో వెనక మర్చిపోకూడదని చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఆయన ముందు పిచ్చివాడినయ్యాను. అబద్ధం ఎందుకాడావు? నీకు నచ్చకపోతే నచ్చలేదని రాస్తే సరిపోయేది కదా.

పదమూడో భాగంలో శాంత ఉద్యోగం మానుకుని, ముచ్చటగా మూడోసారి క్షమాపణ అడిగి ఇంటికి తిరిగి రావాలట. ఏం చేయమంటావో రాయి. నిజమే రాయి.

ఇశ్రాయేలు


హైదరాబాదు,
26 మార్చి.

తమ్ముడూ,

తప్పు నాదే. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను, మన్నించు. చూశావా, తప్పు నాదైనప్పుడు ఈ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో.

నాలుగో భాగం వచ్చిన రోజు అట్టా లేదు, పువ్వూ లేదు. శాంత వెళ్ళి ఆవిడ కాళ్ళమీద పడింది, తలని పాదాలకి ఆనించింది. హాల్లో నలభై మందీ చప్పట్లు కొట్టారు. మా వార్డులో ఆయా శౌరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "బంగారం లాంటి పిల్లమ్మా, తగ్గింది, కాపురం నిలబెట్టుకుంది" అంది. హన్నా గారు ఆ వారం ప్రార్థనలో శాంతని ఉదాహరణ చెప్పి, ఆడది అణకువగా ఉండాలన్నారు. నేను మధ్యలో కూర్చుని ఆమెన్ అన్నాను.

వాళ్ళెవరికీ తెలియదు అది నేనేనని. నాకు తెలుసు కదా.

ఆరేళ్ళ కిందట ఆ రోజు బియ్యం కొలుస్తుంటే సోలకి కవరు తగిలింది. చేరవలసిన తేదీ దాటి ఇరవై రోజులు. నేను అరిచాను, ఇరుగుపొరుగు వచ్చేట్టు అరిచాను. "నేనే పెట్టాను" అంది మా అత్త, ఇంకొక్క ముక్క లేదు. మీ బావ గోడకి ఆనుకుని నిలబడి తన కాలిగోళ్ళు చూసుకున్నాడు. ఎవ్వరూ నన్ను క్షమించమని అడగలేదురా. నేనూ అడగలేదు. ఆ పెట్టె మోసుకుని బస్సెక్కడం ఒక్కటే ఈ జన్మలో నా అంతట నేను చేసిన పని. ఏ రాత్రి డ్యూటీలోనైనా నడుం విరిగితే ఆ పని తలుచుకుని లేచి నిలబడతాను. నువ్వు దాన్ని ఇరవై రెండు నిమిషాల్లో తీసేశావు.

నీ మీద కోపం కాదు. శనివారం రికార్డింగు అనే మాటకి నువ్వేం చేయగలవు? అందుకే ఎదురు చెప్పలేక, జరగలేదని చెప్పాను. నీ దగ్గరన్నా జరగకుండా ఉంటుందని.

ఇప్పుడు నిజం అడుగుతున్నాను. పదమూడో భాగంలో శాంతని వంచకు. ఇక నీకెప్పుడూ అబద్ధం రాయను, ఇది మాట.

మీ బావ ఎందుకొచ్చాడో మాత్రం నువ్వు ఇంకా రాయలేదు.

జీవరత్నం


విజయవాడ,
5 ఏప్రిల్.

అక్కా,

ముందు మంచి కబురు. సెలవు పెట్టి, రైలెక్కి, రామకోటేశ్వరరావు గారిని మంగళవారం కలిసి అదే రోజు తిరిగొచ్చాను. నీ దగ్గరికి రాలేదు, ఎందుకో కింద చదువు. నీ ఉత్తరంలో ఉన్నదంతా పేరు చెప్పకుండా చెప్పాను. ఆయన టీ తాగడం మానేసి విన్నారు. గంటసేపు బేరమాడాం. శాంత కాళ్ళమీద పడదు, ఉద్యోగమూ మానదు. అయితే కుటుంబం విడిపోయిందని చూపించకూడదట, పైవాళ్ళు ఒప్పుకోరట. అందుకని చివర్లో సెలవుకి వచ్చిన శాంత అత్తగారికి గ్లాసుతో మంచినీళ్ళిస్తుంది. ఆవిడ తాగుతుంది. అంతవరకు ఒప్పుకున్నాను. దాహం వేసిన మనిషికి నీళ్ళివ్వడం నర్సుకి తప్పు కాదు కదా.

ఇక చెడ్డ కబురు. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చించాను.

బావ ఫిబ్రవరి ఆఖర్లో వచ్చాడు. బడి గేటు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. నీ అడ్రసు ఆయనకి ఇవ్వొద్దన్నావని ఆయనకి తెలుసు, అడగలేదు. అంటించిన కవరు ఒకటి చేతిలో పెట్టి, "మీ అక్కకి పంపు" అన్నాడు. పంపుతానన్నాను. పంపలేదు.

మొదట, ఇంటికి రమ్మని రాసుంటాడు, నువ్వు మళ్ళీ బాధపడతావు అనుకున్నాను. తర్వాత, నాటకం అయ్యేదాకా ఆగుదాం, నీ మనసు మారితే శాంత కథ నాకు తెగదు అనుకున్నాను. ఈ రెండోది రాయడానికే ఆ నాలుగు కాగితాలు. కవరు అయిదో భాగం కాగితాల కింద పెట్టాను. వారానికోసారి ఆ కాగితాలు సర్దినప్పుడల్లా కనపడేది, మళ్ళీ కింద పెట్టేవాణ్ణి.

నీ ఉత్తరంలో సోలకి కవరు తగిలిందన్న చోట ఆగిపోయాను. అక్కా, అత్తగారు చేసిందని అంతమంది చేత తిట్టించి, అదే పని నేను చేశాను. నీ మేలు కోరే చేశాననుకున్నాను. ఆవిడా అట్లాగే అనుకుని ఉంటుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

కవరు దీంతో పాటు పంపుతున్నాను. విప్పలేదు. ఇందులో ఏమున్నా, పదమూడో భాగం నువ్వు చెప్పినట్టే రాస్తాను. రికార్డింగు ఇరవై ఒకటో తేదీ శనివారం.

నీ తమ్ముడు,
ఇశ్రాయేలు


చినపాలెం, వయా ఉయ్యూరు,
17 ఏప్రిల్.

తమ్ముడికి,

పైన ఊరి పేరు చూసి కుర్చీలోంచి లేచి ఉంటావు. కూర్చో. ఈస్టరుకి వారం సెలవు పెట్టి ఇక్కడికొచ్చాను.

కవరు దాచినందుకు నిన్ను తిట్టడానికి వారం పాటు మాటలు పోగుచేశాను. ఎదురుగా కనబడ్డప్పుడు అన్నీ వరసగా అంటాను, సెలవు పెట్టి వినాలి. ఇప్పుడు వేరే పనుంది.

ఆయన ఇంటికి రమ్మని రాయలేదు. ఉత్తరం దాచింది ఆయన.

నేను ట్రైనింగుకి పోతే ఇక తిరిగి రానని భయమేసిందట. తేదీ దాటాక ఇద్దామనుకున్నాడట. ఆ రోజు నేను అరుస్తుంటే, ఆయన నోరు తెరిచేలోపల వాళ్ళమ్మ ఆయన ముఖం చూసి, "నేనే పెట్టాను" అనేసిందట. రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ ఆరేళ్ళు గడిపాడు. వాళ్ళమ్మని టీవీలో పెట్టారని, హైదరాబాదంతా తిడుతున్నారని పెదనాన్న కొడుకు రాస్తే, ఇక ఉండబట్టలేక నీ బడికొచ్చాడు. నాటకం రాయకపోతే ఈ ఉత్తరం పుట్టేదే కాదు, నీకు ఆ పేరు మాత్రం దక్కనీ.

నేనొచ్చేసరికి మా అత్త వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బాగా తగ్గిపోయింది మనిషి. నన్ను చూసి పీట జరిపింది. "ఎండన బడొచ్చావ్. కాళ్ళు కడుక్కో" అంది, నేను పొద్దున వెళ్ళి మధ్యాహ్నం వచ్చినట్టు.

"ఉత్తరం దాచింది నువ్వు కాదంటగా అత్తా" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఆయనే రాశాడు."

"వాడికి నోరాగదు" అంది. ఆరేళ్ళు ఆగిన నోటి గురించి!

"నీ మీద ఎందుకేసుకున్నావ్?" అని అడిగాను. ఆవిడ గింజలు పక్కకి నెట్టి, "అత్తని తిట్టుకుంటే మొగుడితో కాపురం నిలుస్తదనుకున్నా. మొగుణ్ణే తిట్టుకుంటే ఇంకేం నిలుస్తది? నువ్వేమో ఇద్దర్నీ వదిలేసి పోతివి" అంది.

ఇశ్రాయేలూ, నేను కాళ్ళమీద పడలేదు. పక్కన కూర్చుని ఒక గుప్పెడు చింతపండు నా ఒళ్ళోకి తీసుకున్నాను. "ఇన్నేళ్ళూ నిన్ను అనరాని మాటలన్నాను. తప్పయింది" అన్నాను. ఈ మాట నా అంతట నేను అన్నాను, ఎవరూ రాసివ్వలేదు. ఆవిడ నా ఒళ్ళోకి తొంగి చూసింది. తర్వాత, "గింజలుండిపోతన్నయ్, చూసి తియ్యి" అంది. నేను ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది గానీ పని ఆపలేదు.

కాపురం సంగతి అడక్కు. ఉద్యోగం మానను, అది ఆయనకి చెప్పాను. హైదరాబాదు వచ్చి నన్ను చూడొచ్చా అని అడిగాడు. విజిటర్ల వేళలో రమ్మన్నాను. ఇప్పటికింతే.

అసలు పని ఇది. నిన్న మా అత్త, "ఆ పెట్టెలో ఉత్తరం నేనే దాచినట్టు వస్తందా?" అని అడిగింది. అవునన్నాను. చివరి భాగం ఇంకా తీయలేదని, శేఖరమే దాచాడని మా తమ్ముడు మార్చగలడని చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "మార్చొద్దని చెప్పు. వాడు మొగాడు, నలుగురిలో తిరగాల. నాదేముంది, నన్నెట్టాగూ తిట్టేశారుగా" అంది.

నీకు అబద్ధం రాయనని మాటిచ్చాను కాబట్టి ఆవిడ మాట ఉన్నదున్నట్టు రాశాను.

ఈ ఉత్తరం మీ బావే తెచ్చి ఇస్తాడు. ఇందులో ఏముందో మొత్తం చదివి వినిపించాను. తల వంచుకుని విని, "నేనే తీసుకెళ్తా" అన్నాడు. సాయంత్రంలోగా నీ చేతికి రాకపోతే మాత్రం నాకు కబురు చెయ్యి.

ఇక నా మాట. శాంత నీళ్ళిచ్చే సీను ఉండనీ. దానికి ముందు, ఉత్తరం దాచింది తనేనని శేఖరం చేత చెప్పించు. స్నానాల గదిలోంచి కాదు, ముందుగదిలో, ముఖం మావైపు పెట్టి. రామకోటేశ్వరరావు గారు ఒప్పుకోకపోతే మూడు పేజీలు కాదు, ముప్ఫై పేజీలు రాయి. కొడుకు కోసం ఆవిడ ఊళ్ళో ఆరేళ్ళు మాట పడింది. మనమిద్దరం కలిసి హైదరాబాదు మొత్తం చేత తిట్టించాం. ఆ తిట్టిన వాళ్ళందరికీ తెలియాలి.

ఆవిడ వద్దంది. అయినా మార్చు.

మీ అక్క,
జీవరత్నం